ఫెజ్ నగరంలో జుమా భోజనం

మదర్సాలో చదివే రోజుల్లో మేం నలుగురు మిత్రులం ఒక కల కన్నాం. మొరాకోలోని ఫెజ్ నగరానికి వెళ్లాలి. క్రీ.శ. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ కట్టించారని ప్రసిద్ధి పొందిన ఖరవియ్యీన్ మసీదును చూడాలి. ముప్ఫై ఏళ్లకు ఆ సఫర్ కుదిరింది. వెళ్లింది ముగ్గురమే. నాలుగో మిత్రుడు అప్పటికే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు.

మసీదు చూశాం. కాని ఆ ఊరు మాకు దగ్గరైంది వంట పాఠంలోనే. అక్కడ శుక్రవారం ఇంటింటా కుస్‌కుస్ వండుకుంటారు. గోధుమ రవ్వపై ఉప్పునీళ్లు చిలకరించి, అరచేతులతో నలిపి, మాంసం, కూరగాయలు ఉడికే కుండపై మూడుసార్లు ఆవిరి పట్టాలి. నేను తొందరపడ్డాను. రవ్వ ఉండకట్టింది. "సబర్!" అని నవ్వింది వంట నేర్పే పెద్దామె. నేను రోజూ పిల్లలకు చెప్పే మాటే అది!

జుమా నమాజు తర్వాత ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. వెళ్లిపోయిన మిత్రుడి కోసం దుఆ చేసి, బిస్మిల్లా అన్నాం.