పార్శ్వపు నొప్పికి ముందు మెదడులో మెల్లని అల: కంప్యూటర్ నమూనాలు తెలిపేదేమిటి?

తలలో ఒక పక్క పోట్లుగా వచ్చే నొప్పిని తెలుగువారు పార్శ్వపు నొప్పి అని వ్యవహరిస్తారు. ఆ పేరులో ఉన్నది నొప్పి ఒక్కటే. అయితే మైగ్రేన్ బాధితులలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి సాధారణంగా నొప్పికి ముందే మరొక అనుభవం కలుగుతుంది. చూపు మధ్యలో ఒక మెరుపు చుక్క పుట్టి, రంపపు పళ్ల వంటి గీతలతో నెలవంకలా విస్తరిస్తూ, ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా చూపు అంచుకు చేరి మాయమవుతుంది. కొందరికి చేతివేళ్లలో మొదలైన తిమ్మిరి క్రమంగా ముఖం వరకు పాకుతుంది. వైద్యులు దీనిని ‘ఆరా’ అంటారు. చూసేవారికి పైకి ఏమీ కనిపించదు కనుక, బాధితుల మాటను ఇంట్లోవారే నమ్మని సందర్భాలు ఉంటాయి.

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ స్వయంగా ఈ బాధితుడు. తనకు కనిపించిన ఆకారాలను ఎప్పటికప్పుడు కాగితంపై గీసుకొని, చూపునకు సంబంధించిన మెదడు పొరపై ఏదో ఒక అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో కదులుతున్నదని 1941లో లెక్కగట్టారు. అంటే గంటకు జానెడు దూరం కూడా లేదు. నరాలలో సంకేతాలు సెకనుకు మీటర్ల వేగంతో పరుగెత్తుతాయన్న సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచక మానదు.

మూర్ఛవ్యాధిపై హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో, కుందేళ్ల మెదడులో విద్యుత్ చర్యను అణచివేస్తూ మెల్లగా వ్యాపించే ఒక అలను 1944లో వెల్లడించారు. దాని వేగం కూడా ఇంచుమించు అంతే. ఈ రెండింటికీ గల పోలికను 1958లో పీటర్ మిల్నర్ ఎత్తిచూపారు. నుషీన్ హాజీఖానీ, ఆమె సహచరులు 2001లో ఆరా సమయంలోనే రోగులకు ఎం.ఆర్.ఐ. పరీక్ష నిర్వహించగా, నిమిషానికి సుమారు 3.5 మిల్లీమీటర్ల వేగంతో కదిలే మార్పు నమోదైంది.

పిడకలో పాకే నిప్పు

ఈ అల నడక పిడకకు అంటుకున్న నిప్పును పోలి ఉంటుంది. మంట లేవదు, నిప్పు పక్కభాగానికి నెమ్మదిగా పాకుతుంది, వెనుక బూడిద మిగులుతుంది. మెదడులో ఒకచోట కణాల వెలుపల పొటాషియం ఒక హద్దు దాటి పేరుకుంటే, పొరుగు కణాలు ఉద్రేకించి తమలోని పొటాషియంను వెలుపలికి వదులుతాయి. ఆ తరువాత స్తబ్ధమవుతాయి. పొటాషియం కణాల మధ్య ఊరుతూ సాగవలసి ఉన్నందునే ఈ నిదానం. అయితే ఇక్కడి బూడిద మళ్లీ పిడకగా మారుతుంది. కణాల పంపులు పొటాషియంను లోపలికి తోడుకోగానే మెదడు కోలుకుంటుంది.

ఈ ఆలోచనను 1956లో బెర్నిస్ గ్రాఫ్‌స్టీన్ ప్రతిపాదించారు. దానికి నోబెల్ గ్రహీత అలన్ హాడ్జ్‌కిన్ సమకూర్చిన సమీకరణం 1963లో వెలువడింది. 1978లో టక్‌వెల్, మియురా కాల్షియం తదితర అయాన్లను కూడా లెక్కలోకి తెచ్చారు. ఈ తొలి నమూనాలలో ఒక చిక్కు ఉంది. వాటి ప్రకారం ఒకసారి రేగిన అల దారిలో ఆగకుండా మెదడు పొరనంతటినీ ఆక్రమించాలి. రోగులు గీసిన బొమ్మల్లో మాత్రం అది సన్నని నెలవంకగానే ఉండి అంతరించిపోతుంది. మార్కస్ డాలెం, హాజీఖానీ 2009లో ప్రచురించిన పరిశోధనలో ఈ వైరుధ్యానికి సమాధానం చూపారు: మెదడు పొర అలకు అంతంతమాత్రంగానే లోనయ్యే స్థితిలో ఉంటే, అల చిన్న తునకగా కొంతదూరం సాగి కుంచించుకుపోతుంది. మెదడు మడతల వంపులు కూడా దాని దారిని ప్రభావితం చేస్తాయని తదుపరి నమూనాలు సూచించాయి. మడతలు మనిషికొక తీరున ఉంటాయి కనుక ఆరా కూడా అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు.

నమూనా చికిత్స కాదన్న విషయం ఇక్కడ గమనార్హం. ‘కంప్యూటర్‌తో తలనొప్పి మాయం’ వంటి శీర్షికలు తొందరపాటే అవుతాయి. మైగ్రేన్ బాధితులలో ఎక్కువమందికి ఆరా రానే రాదు. అల నుంచి నొప్పి ఎలా పుడుతుందన్న ప్రశ్నకు 2024లో ఎలుకలపై జరిగిన అధ్యయనం ఒక దారి చూపింది: అల అనంతరం విడుదలైన పదార్థాలను మెదడు చుట్టూ ఉండే ద్రవం ముఖ నాడీగ్రంథికి చేరవేస్తున్నట్లు అందులో తేలింది.

ఆరాను గుర్తించడం రోగికి ప్రాణావసరం కావచ్చు. ఆరాతో కూడిన మైగ్రేన్ గల మహిళలకు పక్షవాతం ముప్పు అధికమైనందున, ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. మాత్రలు సూచించే ముందు చూపులో మెరుపుల గురించి అడగవలసిన అవసరం దీనివల్లనే ఏర్పడింది. ఆరా లక్షణాలు సాధారణంగా ఐదు నిమిషాలు, అంతకుమించి వ్యవధిలో క్రమంగా పాకుతాయి. పక్షవాతం లక్షణాలు చాలావరకు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అయినప్పటికీ తొలిసారి చూపు మసకబారినా, మాట తడబడినా, చేయి పడిపోయినా, అది ఆరాయే అయి ఉంటుందని ఇంట్లో తీర్మానించుకోక వెంటనే 108కి ఫోన్ చేయవలసి ఉంటుంది. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసి ఉంచితే వైద్యులకు ఉపకరిస్తుంది.