తిరునాళ్ల రాత్రి.. జనమంటే భయపడే స్నేహితుడితో

మహాశివరాత్రి దగ్గరపడితే పల్నాడులో ఏ నలుగురు కలిసినా ఒకటే మాట. కోటప్పకొండ వెళ్దాం, రాత్రంతా అక్కడే ఉందాం, ప్రభలు చూద్దాం. అందరూ సరేనంటారు. ఒక్కరు మాత్రం ‘ఆ రోజు పనుంది’ అంటారు. పోయినేడు జ్వరం, అంతకుముందు ఏడు ఇంటికి చుట్టాలు. ఈ వ్యాసం ఆ ఒక్కరి గురించి. ముఖ్యంగా, ఆ ఒక్కరిని వెంటబెట్టుకుని వెళ్లాలనుకునే మీ కోసం.

తిరునాళ్ల చూడనివారికి నాలుగు మాటలు. నరసరావుపేటకు పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో త్రికోటేశ్వరస్వామి కొండ. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కట్టి తెచ్చిన ప్రభలు కొండ కింద నిలబడతాయి. పెద్ద ప్రభ ఎత్తు 80, 90 అడుగులు. ఒళ్లంతా కరెంటు దీపాలే. ప్రభల ముందు పాటలు, డ్యాన్సులు. ఒక మైకు ఆగకముందే పక్క మైకు అందుకుంటుంది. జనం టార్పాలిన్లు పరుచుకుని, ట్రాక్టర్ ట్రక్కుల్లో దుప్పట్లు వేసుకుని తెల్లవార్లూ అక్కడే ఉంటారు. విదేశాల్లో వేలమంది గుడారాలు వేసుకుని పాటలు వినే ఉత్సవాలను ఫోన్లో చూసి ముచ్చటపడే మన పిల్లలకు, వాళ్ల తాతలు బండ్లు కట్టుకెళ్లి చేసిన పని కూడా అదేనని చెప్పాలి.

అంత సందడి మీకు పండగ. మీ స్నేహితుడికి మాత్రం తలచుకుంటేనే అరచేతులు తడుస్తాయి. స్నేహితుడు అని రాస్తున్నా గానీ స్నేహితురాలైనా, బావమరిదైనా, కాలేజీలో చదివే కూతురైనా సంగతి అదే. ఆ మాటకొస్తే ఈ ఇబ్బంది మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. వాళ్లు దాన్ని తలనొప్పి అని చెప్పి గదిలో పడుకుంటారు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

భయం జనం గురించి కాదు

1871లో కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యుడు ఈ భయానికి ‘అగోరాఫోబియా’ అని పేరుపెట్టాడు. గ్రీకులో అగోరా అంటే సంత, జనం చేరే చోటు. మన మాటల్లో ‘సంత భయం’. పేరు అలా ఉంది గానీ, లోపలి భయం మనుషుల గురించి కాదు. ‘ఇక్కడ నాకేదైనా అయితే బయటపడలేను, ఎవరూ సాయం రాలేరు’ అన్నదే అసలు భయం. అందుకే అతను సినిమా హాల్లో చివరి కుర్చీ అడుగుతాడు, బస్సులో తలుపు దగ్గర నిలబడతాడు. ఇలాంటివి మీరు చూసే ఉంటారు, పట్టించుకుని ఉండరు.

అయితే జనంలోకి రానివారందరిదీ ఇదే కాదు. అందరూ తననే చూస్తున్నారన్న బెరుకు కొందరిది. పెద్ద శబ్దం పడనివారు కొందరు. ఎప్పుడో తొక్కిసలాటలో నలిగిన అనుభవం ఉన్నవారూ ఉంటారు. కాబట్టి ముందు అడగండి. ‘ఎందుకు భయం’ అని కాదు, అలా అడిగితే ఎవరైనా ముడుచుకుపోతారు. ‘అక్కడ ఏది అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది’ అని అడగండి. శబ్దమంటే ఒక ఏర్పాటు, ఇరుక్కుపోవడమంటే మరో ఏర్పాటు.

‘ఇంతమంది వస్తున్నారు, నీకే ఎందుకురా’ అన్న మాట మాత్రం అనొద్దు. ఆ భయం ఆధారం లేనిదేమీ కాదు. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో పాతికమందికి పైగా చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. 2021 నవంబరులో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవంలో పదిమంది. మీ స్నేహితుడి మెదడు ప్రమాదాన్ని కల్పించడం లేదు. ఖాళీ ఉన్న చోట కూడా అదే గంట మోగిస్తోంది, అంతే.

కొన్నాళ్ల కిందట ముప్పై దాటిన ఒకాయన మా ఓపీకి వచ్చాడు. గుండె పట్టేసినట్టుందని అంతకుముందు మూడుసార్లు మూడుచోట్ల ఈసీజీ తీయించుకున్నాడు. అన్నీ మామూలే. అన్నిచోట్లా ‘గ్యాస్’ అన్నారు. చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల వేళ కల్యాణమండపం బయట బైకుల మధ్య నిలబడ్డానని చెప్పేటప్పుడు అతని గొంతు మారిపోయింది. అతనితోపాటు బయట నిలబడ్డ స్నేహితుడే పట్టుబట్టి మా దగ్గరకు తీసుకొచ్చాడు.

మెట్టు మెట్టుగా.. అమరావతి నుంచి

ఆరేళ్లుగా తిరునాళ్లకు రానివారిని ఒక్కసారిగా తెచ్చి ప్రభల మధ్య నిలబెట్టడం ఈత రానివారిని కృష్ణలో తోసినట్టే. భయాన్ని మెదడు కొంచెం కొంచెంగా మర్చిపోతుంది. దానికి మన దగ్గర మంచి వసతే ఉంది. మామూలు మంగళవారమో బుధవారమో అమరావతి వెళ్లండి. అమరేశ్వరస్వామి దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున కూర్చుని రండి. రెండు వారాల తర్వాత ఆదివారం. కార్తికమాసంలో అయితే ఒక సోమవారం, మధ్యాహ్నం రద్దీ తగ్గాక. ఆ తర్వాత జనం లేని రోజున కోటప్పకొండ. ప్రభలు నిలబెట్టే మైదానం ఏది, ఏ దారి ఎటు పోతుంది, బయటకు ఎలా రావాలి.. అన్నీ పగటి వెలుగులో చూడనివ్వండి. తెలిసిన చోటు సగం భయం తగ్గిస్తుంది.

ప్రతి మెట్టు దగ్గరా భయం కాస్త పుట్టాలి. కాసేపు అక్కడే ఉంటే అదే తగ్గడం అతను గమనించాలి. అసలు భయమే వేయకపోతే ఆ మెట్టు వల్ల ఉపయోగం లేదు. తట్టుకోలేనంత వేస్తే మీరు రెండు మెట్లు ఒకేసారి ఎక్కించారని అర్థం. శివరాత్రికి రెండు వారాలే ఉందంటే ఈ ఏడు సాయంత్రం రెండు గంటలు అంచున కూర్చుని వచ్చేయండి. జాగరణ వచ్చే ఏడు చూసుకోవచ్చు.

కొండ కింద ఆ రాత్రి

ఒక్క విషయంలో నాది గట్టి మాట. ఈసారికి కొండపైన దర్శనం క్యూ వద్దు. ఇనుప గొట్టాల మధ్య వరసలో ముందూ వెనకా మనుషులు ఉన్నప్పుడు పక్కకు తప్పుకునే దారి నిజంగానే ఉండదు. ఇరుక్కుపోతానన్న భయం ఉన్నవారికి అంతకన్నా కష్టమైన చోటు లేదు. స్వామి దర్శనం మామూలు రోజున చేసుకోవచ్చు, ప్రభల దగ్గర మాత్రం చుట్టూ ఖాళీ నేల ఉంటుంది.

పొద్దు ఉండగానే చేరుకోండి. మైకులకు దూరంగా, జనం నడిచే దారికి పక్కగా, వెనకవైపు ఖాళీ ఉన్న చోట టార్పాలిన్ పరవండి. వేదిక ముందు చోటు దొరికిందని సంబరపడితే రెండు గంటల్లో మీ చుట్టూ గోడ కట్టినట్టవుతుంది. బండిని దూరంగానైనా సరే, బయటకు తిప్పి పెట్టండి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులో వస్తే తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో దిగగానే చూపించండి. అంతమంది ఒకచోట చేరితే ఫోన్లు సరిగా కలవవు. విడిపోతే కలుసుకునే గుర్తు ముందే అనుకోండి. ‘ఆ దీపాల ప్రభ దగ్గర’ అనుకుంటే రాత్రికి అన్నీ దీపాల ప్రభలే. వైద్య శిబిరమో, పోలీసు అవుట్‌పోస్టో మేలు.

శబ్దం సంగతీ చూడాలి. పెద్ద బాక్సుల ముందు నిలబడితే ఆ దరువు ఛాతీలో తెలుస్తుంది. గుండెదడకు భయపడేవారు దాన్ని తమ గుండే అనుకుంటారు. వంద డెసిబెళ్ల మోత దగ్గర పావుగంట దాటితే ఎవరి చెవులకైనా చేటే. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొనండి. దూది పెద్దగా పనిచేయదు.

ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ‘టీ తాగుదాం పద’ అంటే చాలు, మిగతావాళ్లకు అనుమానం రాదు. ఆ మాట వినగానే ప్రశ్నలు లేకుండా లేచి అంచుకు నడవాలి. అతనితో ఎవరు వెళ్తారన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. అది మీరే అయితే మంచి పాట మధ్యలో లేవాల్సి వస్తుంది. ఆ చిరాకు మీ మొహంలో ఒక్కసారి కనిపించినా, రెండోసారి అతను ఆ మాట అనడు. లోపలే నలిగిపోతాడు, మరుసటి ఏడు మళ్లీ ‘పనుంది’ అంటాడు.

ఆ పది నిమిషాలు

భయం దాడి చెప్పి రాదు. గుండె దడదడ, చెమటలు, వణుకు, ఊపిరి అందనట్టు, ఛాతీ బిగింపు, చచ్చిపోతున్నానో పిచ్చెక్కుతోందో అన్న భావన. ఊపిరి వేగంగా తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోతాయి. తిరునాళ్లలో ఇలా వణికేవారిని చూసి పూనకమనుకుని పసుపు నీళ్లు చల్లినవారూ ఉన్నారు, దిష్టి అనుకున్నవారూ ఉన్నారు.

జనానికి ఎదురు తోసుకుంటూ కాకుండా పక్కకు జరుగుతూ అంచుకు తీసుకెళ్లండి. కూర్చోబెట్టండి. చుట్టూ మూగినవారిని పంపించేయండి. ‘ఏం కాదు, ఏం కాదు’ అనకండి, అతనికి అవుతోంది కదా! ‘ఇది నీకు తెలిసిన భయమే, పది నిమిషాల్లో పైకెళ్లి దిగుతుంది, నేను ఇక్కడే ఉంటా’ అనండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి తీసుకుని, ఆరు అంకెలసేపు మెల్లగా వదలమనండి. చెప్పి ఊరుకోకుండా మీరూ కలిసి చేయండి. సినిమాల్లోలా కాగితపు సంచి మూతికి పెట్టొద్దు. అది ఆస్తమానో గుండె జబ్బో అయితే ప్రమాదం.

దాడి సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలో చాలావరకు దిగుతుంది. ఆ తారస్థాయిలో పరుగున బండెక్కి ఇంటికెళ్తే మెదడు ‘పారిపోయాను కాబట్టి బతికాను’ అని నేర్చుకుంటుంది. అంచున కూర్చుని, భయం దిగాక, అప్పుడు నిర్ణయించుకోమనండి. అప్పుడూ ‘ఇంటికే’ అంటే ఇంటికే, ఇక వాదన లేదు. ఎప్పుడంటే అప్పుడు వెళ్లొచ్చన్న నమ్మకం ఉన్నవారే ఎక్కువసేపు ఉండగలుగుతారని నేను చాలామందిలో చూశాను.

అన్నీ భయాలే కావు

ఇక్కడ మాత్రం వైద్యుడిగా కాస్త గొంతు పెంచాలి. శివరాత్రి అంటే ఉపవాసం, జాగరణ. మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మందు వేసుకుని తినకపోతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ.. అచ్చం భయం దాడిలాగే ఉంటుంది. గ్లూకోమీటర్ ఉంటే చూడండి, లేకపోతే మీనమేషాలు లెక్కపెట్టకుండా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. ఉపవాసం ఉండాలనుకునే మధుమేహులు మందుల మోతాదు గురించి ముందే డాక్టరును అడగాలి.

నలభై దాటినవారికి, బీపీ, షుగర్, పొగ అలవాటు ఉన్నవారికి, ఎప్పుడూ లేనిది మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే అది భయమని మీరు తేల్చొద్దు. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, మెట్లెక్కేటప్పుడు మొదలైనా వైద్య శిబిరానికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీశాక భయమే అని తేలితే అంతకన్నా కావలసిందేముంది!

నిజమైన తోపులాట గుర్తులు వేరు. నాలుగువైపులా ఒళ్లు తగులుతోంది, చేతులు మొహం దాకా ఎత్తలేకపోతున్నారు, మీరు కదలకుండానే జనంతోపాటు ఊగుతున్నారు అంటే ఏ మైకూ చెప్పకముందే బయటపడాలి. తొక్కిసలాటలో చాలామంది కిందపడి కాదు, నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారు. చేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకుని, పక్కలవైపు కొద్దికొద్దిగా జరగండి. అలాంటప్పుడు ‘వెళ్లిపోదాం’ అని మొదట అనేది మీ భయస్థుడే కావచ్చు. వినండి.

కాఫీ, టీలు జాగరణకు సాయమే గానీ భయం ఉన్నవారికి గుండెదడ పెంచుతాయి. ‘టీ తాగుదాం’ అని లేచినా తాగేది మజ్జిగ అయితే నయం. పక్కింటాయన ఇచ్చిన ఆల్‌ప్రజోలం బిళ్ల జేబులో వేసుకురావడం మాత్రం వద్దే వద్దు. మగత కమ్మి జనంలో అడుగు తడబడుతుంది, మద్యంతో కలిస్తే ఊపిరికే ముప్పు, అలవాటైతే మానడం కష్టం. గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం.

తెల్లారాక, రాత్రంతా నిద్రలేని మనిషి బండి నడపకూడదు. ట్రక్కులో రెండు గంటలు కునుకు తీసి, రద్దీ తగ్గాక బయల్దేరండి.

భయం వల్ల పెళ్లిళ్లు, బస్సు ప్రయాణాలు, ఉద్యోగం కూడా తప్పించుకుంటున్నారంటే మానసిక వైద్యుల్ని కలవాల్సిందే. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. దీనికి మంచి చికిత్స ఉంది. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే కౌన్సెలింగ్ కొన్ని నెలలపాటు సాగుతుంది. మందులు అవసరమైతే వాటి ఫలితం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, తగ్గిందని మధ్యలో ఆపకూడదు. ఈ లెక్కన వచ్చే శివరాత్రికి ప్రభలు చూడాలనుకునేవారు సంక్రాంతి దాకా ఆగితే ఆలస్యమైనట్టే. దసరా నాటికి డాక్టరు దగ్గర ఉండాలి.