గని బాట కింద ఒర్రెకు దారేది?

భూపాలపల్లి: బొగ్గు గని అనగానే డంపర్లు, సైరన్ గుర్తొస్తాయి. కాని బొగ్గు కంటే ముందు పడేది బాట. ఆ బాట ఏ ఒర్రెను దాటుతుంది, దాని కింద ఎంత కల్వర్టు పెడతారు అన్నదాన్ని బట్టే దిగువ చెరువు నిండడం, ఎగువ పొలం మునగకుండా ఉండడం ఆధారపడి ఉంటాయి.

2016 వరకు వరంగల్ జిల్లాలోనే ఉన్న భూపాలపల్లి ప్రాంతంలో సింగరేణి సంస్థ కాకతీయ ఖని పేరుతో భూగర్భ గనులు, ఓపెన్ కాస్ట్ గనులు తవ్వింది. చుట్టుపక్కల ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. ఘనపురంలోని గణపసముద్రం కాకతీయుల నాటిది. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరాలి. నడుమ బాట అడ్డం పడితే ఆ గొలుసు తెగినట్టే.

బాట లెక్క

డంపర్లు తిరిగే బాట 16 అడుగుల దూరానికి ఒక అడుగు కంటే ఎక్కువ ఎక్కరాదని బొగ్గు గనుల నిబంధన. కొద్ది దూరపు ర్యాంపుల మీద మాత్రం 10 అడుగులకు ఒక అడుగు వరకు ఒప్పుకుంటారు. ఈ వాలు కుదరడానికి పల్లంలో మట్టి పోసి బాటను ఎత్తు చేస్తారు. ఆ ఎత్తే ఒర్రెకు కట్టగా మారుతుంది. అందుకే అక్కడ కల్వర్టు, బాటకు రెండు పక్కలా కాలువ తప్పనిసరి.

నీటి లెక్క

ఒక ఎకరం మీద సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీరు. 2023 జూలై 27 ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అంటే ఎకరానికి 26 లక్షల లీటర్లు! ఆ రోజే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కొందరు కొట్టుకుపోయారు. ఇక్కడ కల్వర్టు కొలత వేసేవారు ఆ రోజును మరువరాదు.

అడవి నేల కొంత వాన తాగుతుంది. చెట్లు కొట్టి, మట్టి గుట్టలు పోశాక అదే వాన ఎక్కువగా, తొందరగా దిగుతుంది. నిన్నటి ఒర్రెకు సరిపోయిన పైపు రేపటి ఒర్రెకు చాలదు. కొమ్మలు, మట్టి అడ్డం పడితే ఉన్న దారీ మూసుకుపోతుంది.

గనికీ ఇది ముఖ్యమే. గని ముఖద్వారం గరిష్ఠ వరద మట్టానికి కనీసం ఒకటిన్నర మీటర్ల పైన ఉండాలి. బయటి నీరు లోపలికి రాకుండా గని చుట్టూ కాలువ తవ్వాలి. తోడిపోసిన నీటిని గుంటల్లో నిలిపి, మట్టి తేరిన తర్వాతే వాగులోకి వదలాలి. లేకుంటే ఆ బురద చెరువులో పేరుకుంటుంది.

ఊరి మాట

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద బొగ్గు గనులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభలో భూమి ధర, ఉద్యోగం అడగడం న్యాయమే. వాటితో పాటు నాలుగు ప్రశ్నలు అడగాలి. బాట ఏ సర్వే నెంబర్లలో ఒర్రెను దాటుతుంది? కల్వర్టు వెడల్పెంత? ఎంత వానకు లెక్క కట్టారు? వానాకాలానికి ముందు పూడిక ఎవరు తీస్తారు?

పెద్ద వరదకు నీరు ఏ చింతచెట్టు మొదలు దాకా వచ్చిందో ఊరి పెద్దలకు తెలుసు. ఆ గుర్తును కాగితం మీద రాసి సభలో ఇచ్చి, రికార్డులో చేర్పించాలి. బాట పడ్డాక కల్వర్టు పెంచాలంటే బాట తవ్వాలి. ముందే అడిగితే పటంలో మార్చుకుంటే సరిపోతుంది.