ఒకే పోలిక జ్ఞాపకాలు

మతిమరుపు అనే మాటను మనం చాలా ధారాళంగా వాడేస్తాము. పరీక్షలో ఒక సూత్రానికి బదులు దాని పక్కదాన్ని రాసి వచ్చినవాడు మతిమరుపువాడు. మొన్నటి సంగతిని నిన్నటిదని చెప్పిన అవ్వకు వయసు మీదపడింది. నిజానికి వీళ్ళు పోగొట్టుకున్నదేమీ లేదు. రెండు జ్ఞాపకాలూ తలలోనే ఉన్నాయి. ఒకటి రావలసిన చోటికి దాని పోలిక గలది ముందుగా వచ్చి కూర్చుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ‘అవరోధం’ అంటారు. పాతది కొత్తదానికి అడ్డం రావచ్చు, కొత్తది పాతదానికీ రావచ్చు.

1931లో అమెరికాలో మెక్‌గియోక్, మెక్‌డొనాల్డ్ అనేవారు కొందరిచేత ఒక మాటల పట్టీ కంఠస్థం చేయించి, తర్వాత ఇంకొకటి నేర్పించారు. రెండోదాంట్లో అంకెలుంటే మొదటిది అంతగా చెడలేదు. అవే అర్థాలిచ్చే మాటలుంటే అన్నిటికంటే ఎక్కువ చెడింది. ఏమీ నేర్వకుండా ఊరక ఉన్నప్పుడు బాగా గుర్తుంది. గడిచిన కాలం ఒకటే అయినా ఇంత తేడా వచ్చిందంటే కారణం పోలికే.

ఇంటర్లో తెలుగు చదివినవాళ్ళకు ఇది అనుభవమే. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతి 10. చంపకమాలకు 21, యతి 11. శార్దూలానికి 19, 13. మత్తేభానికి 20, 14. బట్టీ పడితే నాలుగూ కలగాపులగం! అయితే ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అవుతుంది. శార్దూలానికి అదే పని చేస్తే మత్తేభం. ఈ ఒక్క తేడా చేతికి దొరికిందా, జంటలు విడిపోతాయి.

ఈ విషయంలో ఆరితేరినవారు మన అవధానులు. ప్రొద్దుటూరు దీనికి పెట్టింది పేరు: దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, తర్వాత సి.వి. సుబ్బన్న శతావధాని. ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్తూ పోయి, చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి. శతావధానమంటే నూరుమంది పృచ్ఛకులు. అన్నీ సగం సగం పద్యాలు, అవే ఛందస్సులు! అడిగినవారి ముఖమో, కూర్చున్న చోటో, ఇచ్చిన సమస్యో, ప్రతి పద్యానికీ ఒక ప్రత్యేకమైన గురుతు అంటుకొని ఉంటుందని నా ఊహ.

మెదడు ఈ పనిని ఎక్కడ చేస్తుంది? కణతల లోపలి భాగంలో, సముద్రపు గుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ ఉంది. దాని వాకిట్లోనే డెంటేట్ గైరస్. ఇక్కడి చిన్న కణాలు లెక్కకు చాలా ఎక్కువ. ఒక్కసారికి పలికేవి మాత్రం బహు కొద్ది. అందుచేత దాదాపు ఒకే రకంగా వచ్చిన రెండు సంగతులు వేర్వేరు కణాల గుంపులకు చేరతాయి. పెద్ద చేన్లో నాలుగే గింజలు చల్లితే ఒకదాని మీద ఒకటి పడవు కదా. ఎలుకలను పెట్టెలో తిప్పుతూ, ఆ పెట్టెను చదరం నుంచి గుండ్రానికి కొంచెం కొంచెంగా మార్చి చూశారు నార్వే శాస్త్రజ్ఞులు (2007). ఆ కాస్త మార్పుకే ఇక్కడి కణాల స్పందన మారింది.

దీని తర్వాతి భాగం సి.ఎ.3. దాని పని దీనికి ఎదురు. తోక కనిపిస్తే చాలు, ఎద్దునంతా తెచ్చి నిలబెడుతుంది. వచ్చిన సంగతిలో తేడా చాలకపోతే మన ఎద్దుకు బదులు పక్కింటి ఎద్దు వచ్చి నిలబడుతుంది.

ఈ తంటా పరీక్షలతో పోయేది కాదు. మా సీమలో కరువు ఏండ్లన్నిటికీ ఒకే ముఖం. అప్పు తెచ్చి విత్తడం, మొగులు చూడడం, శెనక్కాయ ఊడలు దిగకముందే ఎండడం. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరదను ఎవరినడిగినా చెప్తారు, అట్లాంటిది ఇంకొకటి చూడలేదు గనుక. పంట పోయింది ఏ ఏడని ఒక ఆఫీసులో అడిగితే మా నాయన తడబడినాడు. రాసుకునే ఆయన అబద్ధమనే లెక్క కట్టినాడు. అబద్ధం చెప్పదలిస్తే ఒక అంకె కంఠస్థం చేసుకొని పోయేవాడు కాదా! ఇంటికొచ్చినాక మా అమ్మ, “ఎర్రెద్దు పోయిన ఏడా, పెద్దదాని పెండ్లి చేసిన ఏడా?” అని అడిగింది. “పెండ్లి ఏడే” అన్నాడు నాయన, చెప్పు విడవకముందే.