విగ్రహానికి దండ ఏసినం, గొల్ల రామవ్వను సదువలే

మొన్న జూన్ 28 నాడు జమ్మికుంటల హోటల్ కాడ చాయ్ తాగుతున్న. పక్కన నలుగురు పిలగాండ్లు ఫోన్ల పీవీ నరసింహారావు ఫోటో స్టేటస్ పెట్టుకుంటున్నరు. కింద "మన వంగర బిడ్డ, దేశానికి ప్రధాని" అని రాసిండ్రు. మంచిదే. నేను ఊకోలేక అడిగిన: "తమ్మీ, ఆయన రాసిన కథ ఏదన్న సదివిన్రా?" అందులొకడు నా మొఖం దిక్కు చూసి, "కథలు గూడ రాసిండా అన్నా? ఆయనది ఎకానమీ గదా" అన్నడు.

ఆ పిలగానిది తప్పు లేదు. మనకు చెప్పినోళ్లు గంతే చెప్పిండ్రు. 1991, ఆర్థిక సంస్కరణలు, మస్తు భాషలు, 2024ల భారతరత్న. పరీక్షల బిట్టు పేపర్‌కు సరిపోతది. గని ఇక్కడికి గంట తొవ్వల ఉన్న వంగరల పెరిగిన ఒక మనిషి, మన ఊళ్లె గొర్ల మంద కాసే ఇంటి ముసలవ్వను కథల నిలబెట్టిండన్న ముచ్చట మనకే తెల్వకపోతే ఎట్ల? అందుకే ఇయ్యాల ప్రధానమంత్రి పీవీని పక్కకు పెట్టి, కథలు రాసిన పీవీ గురించి చెప్త. పొగడనీకె కాదు. సదివి, కొట్లాడనీకె.

ముందుగాల నా సంగతి చెప్పుకోవాలె. నేను ఇంటర్ దాటనోణ్ని. పత్తి మార్కెట్ల దడువాయి కాడ కాంటా చిట్టీలు రాసిన. సీజన్ లేనప్పుడు లైబ్రరీల కూసుండి దొరికింది దొరికినట్టు సదివిన. "గొల్ల రామవ్వ" గట్ల దొరికిందే. రాసినాయన పేరు చూసి, గీ పీవీ ఆ పీవీయేనా అని నాకు గూడ అనుమానమే వచ్చింది.

ఆ పీవీయే. 1921 జూన్ 28న నర్సంపేట దిక్కు లక్నెపల్లిల పుట్టిండు. చిన్నప్పుడే వంగరల పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ ఆయనను దత్తత తీసుకున్నరు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లాల ఉండె, ఇప్పుడు హనుమకొండ జిల్లాకు పోయింది. బ్రాహ్మణ ఇల్లు, భూములున్న ఇల్లు. ఈ మాట యాది పెట్టుకోండ్రి, మళ్ల దీని కాడికి వస్త.

అప్పుడు నిజాం రాజ్యం. పెద్ద చదువంత ఉర్దూల. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. 1938ల వందేమాతరం పాడిండ్రని విద్యార్థులను కాలేజీలకెల్లి ఎల్లగొట్టిండ్రు. అందుల ఈయన గూడ ఉన్నడు. రాజ్యం ఇడిసిపెట్టి నాగపూర్ దిక్కు పోయి చదువుకున్నడు. అట్ల మరాఠీ, హిందీ నోటికొచ్చినయి. మనల్ని బడిలకెల్లి ఎల్లగొడితే మనం బొంబాయో దుబాయో బస్సెక్కుతం. ఆయనకు ఎనుక ఆస్తి ఉండె కాబట్టి ఇంకో కాలేజీ దొరికింది. అయితే దొరికిన దాన్ని ఊకె పోనియ్యలే. పోయిన కాడల్ల ఒక భాష మూటగట్టుకున్నడు.

1947-48ల హైదరాబాద్ సంస్థానం ఇండియాల కలవాలని స్టేట్ కాంగ్రెస్ వాళ్లు సరిహద్దుల పొంటి క్యాంపులు పెట్టిండ్రు. పీవీ చాందా క్యాంపుల పని చేసిండు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. మన జమ్మికుంట స్టేషన్ మీదికెల్లి బల్లార్షా దిక్కు పోయే రైలు పట్టాలు ఉన్నయి గదా, ఆ దారే. 1948 సెప్టెంబర్‌ల నిజాం పాలన పోయింది. అటెనుక వరంగల్ల పాములపర్తి సదాశివరావుతోని కలిసి "కాకతీయ" అని పత్రిక నడిపిండు. ఇద్దరు "జయ", "విజయ" అని కలం పేర్లు పెట్టుకున్నరు. జయ సదాశివరావు, విజయ పీవీ. 1949ల విజయ పేరు మీద అచ్చయిందే "గొల్ల రామవ్వ".

కథ పెద్దది కాదు. రాత్రి పూట. గుడిసెల ముసలి రామవ్వ, వయసుకొచ్చిన మనుమరాలు మల్లమ్మ ఉంటరు. ఒక పడుచు పిలగాడు పానం అరచేతుల పెట్టుకొని ఆ గుడిసెల జొర్రుతడు. నిజాం పోలీసుల మీద తిరగబడి వచ్చినోడు. రామవ్వకు ముందుగాల భయం, తర్వాత కనికరం. పోలీసులు సోదాకు వచ్చే యాళ్లకు ఆ పిలగాన్ని గొల్లోని లెక్క తయారు చేసి, వీడు మా మల్లమ్మ పెనిమిటే అని నిలబడి బొంకుతది. వాళ్లు నమ్మి పోతరు. పిలగాడు బతుకుతడు.

గింతేనా అంటరు. జెర ఆగి చూడండ్రి. తుపాకి పట్టినోడు కథకు హీరో కాలే. వాని పేరు మీద కథ లేదు. పేరు రామవ్వది. ఆమెకు ఏ పార్టీ మెంబర్‌షిప్ లేదు, ఉపన్యాసం రాదు. ఉన్నదల్ల ఒక గుడిసె, ఒక మనుమరాలు, ఒక గుండె. మన పోరాటాల చరిత్రల జైలుకు పోయినోళ్ల పేర్లు దొరుకుతయి, పెట్రోల్ పంపు పెట్టుకున్నోళ్ల పేర్లు దొరుకుతయి. అర్ధరాత్రి తలుపు తీసి గట్క పోసిన అవ్వ పేరు ఏడ దొరుకుతది? ఆ లెక్కల 28 ఏండ్ల పీవీ చేసిన పని చిన్నది కాదు.

ఈ కథ మా అవ్వకు సదివి వినిపించిన. ఆమెకు అక్షరం రాదు. బీడీలు చుట్టుకుంట అంత విన్నది. పోలీసులు గుడిసెలకు వచ్చిన కాడ చెయ్యి ఆపింది. అయిపోయినంక ఏమన్నదో తెలుసా? "ముసల్ది మంచిదే కొడుకా. గని ఆ పోరిని ఎవలన్న అడిగిండ్రా?"

నాకు జవాబు దొర్కలే. అవ్వ మళ్ల అన్నది: "ఆ పిలగాడు తెల్లారి లేచి పోతడు. పోరి గా ఊళ్లెనే ఉండాలె గదా. రేపు ఆమె పెండ్లప్పుడు ఊరు ఊకుంటదా?"

నేను ఎన్ని సార్లు సదివినా నాకు తట్టని ముచ్చట అది. రామవ్వ పానం పణం పెట్టింది, నిజమే. మల్లమ్మ మానం గూడ పణం పెట్టింది, మల్లమ్మను అడగకుంట. రాసినాయన దాన్ని త్యాగం అని చూసిండు. మా అవ్వ దాన్ని లెక్క అడిగింది. కథ మంచిది కాబట్టే అడిగింది. చెడ్డ కథ అయితే మధ్యల లేచి పోవు.

ఇంకొకటి. కథ అచ్చయిన 1949ల మన ఊళ్లల్ల సోదాలు ఆగలే. నిజాం పోలీసులు పోయిండ్రు, మిలిటరీ వచ్చింది. భూమి కోసం కొట్లాడే కమ్యూనిస్టుల కోసం గుడిసెలు లేపి లేపి చూసిండ్రు. సాయుధ పోరాటం ఆపింది 1951 అక్టోబర్‌ల. అంటే ఆ కథ సదువుతున్న రోజుల్లనే ఇంకెందరో రామవ్వలు ఇంకో పోలీసుల ముందట బొంకుతున్నరు. ఈ సారి సర్కారు పీవీ ఉన్న పార్టీది. పోయిన రాజ్యం సోదా కథ అయింది, నడుస్తున్న రాజ్యం సోదా కాలే. ఇది ఒక్క పీవీ సంగతే కాదు. పదవుల దిక్కు నడిచే ప్రతి రచయితకు ఈ ఇరకాటం ఉంటది.

ఇగ భూములున్న ఇంటి పిలగాడు గొల్ల ఇంటి అవ్వను రాయొచ్చునా అని కొందరు అడుగుతరు. ఇదే లొల్లి సౌతాఫ్రికాల నడిన్ గోర్డిమర్ అనే ఆమె మీద గూడ నడిచింది. 1923ల జొహాన్నెస్‌బర్గ్ దగ్గరి స్ప్రింగ్స్ అనే బంగారు గనుల ఊళ్లె పుట్టింది. తెల్లామె. కాలేజీల ఒక్క ఏడాదే ఉన్నది, డిగ్రీ లేదు, లైబ్రరీనే ఆమెకు బడి. నల్లోళ్లను తొక్కిపెట్టిన రాజ్యంల తెల్లోళ్ల ఇంట్ల కూసుండి ఆ తొక్కుడు గురించే రాసింది. ఆమె పుస్తకాలు కొన్నింటిని అక్కడి సర్కారు నిషేధించింది. 1991ల నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ పీవీ ప్రధాని అయిన సంవత్సరమే అది.

ఆమె 1981ల రాసిన "జులైస్ పీపుల్" నవల రామవ్వ కథకు అక్క అసొంటిది. దేశంల తిరుగుబాటు లేస్తది. ఒక తెల్ల కుటుంబాన్ని వాళ్ల ఇంట్ల 15 ఏండ్లు పని చేసిన జులై అనే నల్లాయన తన ఊరికి తీస్కపోయి గుడిసెల దాస్తడు. ఆడికెల్లే అసలు కథ. దాసినోడు ఎవలు, దాక్కున్నోడు ఎవలు, బండి తాళంచెవి ఇప్పుడు ఎవల జేబుల ఉండాలె? దొర పానం నౌకరి చేతులకు వచ్చినంక ఇద్దరి నడుమ మాట ఎట్ల మారుతది? గోర్డిమర్ ఈ ప్రశ్నలను ఇడిసిపెట్టలే. పీవీ కథల పిలగాడు దండం పెట్టుకొని ఎల్లిపోతడు. గోర్డిమర్ తెల్లారినంక ఏమైతదో గూడ రాసింది. ఎవల ఇంట్ల పుట్టినమన్నది మన చేతుల లేదు. ఎవల ప్రశ్న దాక పోయినమన్నది మన చేతుల ఉన్నది.

పీవీకి గూడ మల్లమ్మ ప్రశ్న తెల్వదని కాదు. మరాఠీల హరి నారాయణ ఆప్టే రాసిన "పణ్ లక్షాత్ కోణ్ ఘేతో" నవలను "అబల జీవితం" అని తెలుగు చేసిండు. 1890లల వచ్చిన నవల అది. ఒక ఆడివిల్ల చిన్నప్పటి సంది తన బతుకు తనే చెప్పుకుంటది. పెండ్లి, అత్తగారిల్లు, మొగడు సచ్చినంక పడ్డ గోస. పేరుకు అర్థమే "గని పట్టించుకునేదెవలు" అని. మా అవ్వ అడిగింది గూడ గదే గదా! పీవీకి ఆ గొంతు నచ్చకపోతే అంత పెద్ద నవలను ఒళ్లొంచి అనువాదం చెయ్యడు.

ఇంకో దిక్కు విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు"ను హిందీల "సహస్రఫణ్" చేసిండు. 1968ల వచ్చింది. పాత ధర్మం, పాత జమీను, పాత గుడి కూలిపోతున్నయని దుఃఖపడే నవల అది. దాన్ని ప్రేమతోని అనువాదం చేసిన మనిషే, 1971 సెప్టెంబర్‌ల ముఖ్యమంత్రి అయ్యి భూపరిమితి చట్టం కోసం పట్టుబట్టిండు. ఒకే మనిషిల పాత జమీను మీద ప్రేమ, దాన్ని పంచాలన్న పంతం రెండు ఉన్నయి. భూములున్నోళ్లు ఊకుంటరా? దానికి ముల్కి లొల్లి, జై ఆంధ్ర ఉద్యమం తోడయినయి. 1973 జనవరిల కుర్చీ పోయింది.

ఆ దెబ్బను ఆయన మనసుల పెట్టుకున్నడు. పాతికేండ్లకు 1998ల "ది ఇన్‌సైడర్" అని ఇంగ్లీషుల నవల తెచ్చిండు. కల్లూరి భాస్కరం దాన్ని "లోపలి మనిషి" అని తెలుగు చేసిండు. అఫ్రోజాబాద్ అనే లేని రాష్ట్రం, ఆనంద్ అనే పిలగాడు. తెలివి, నిజాయితి ఉన్నోడు రాజకీయాలల్లకు వస్తే ఏమైతదన్నదే కథ. వర్గాలు ఎట్ల కడుతరు, మంత్రి పదవి ఎట్ల బేరమైతది, భూమి చట్టాన్ని సొంత పార్టోళ్లే ఎట్ల కింద మీద చేస్తరు, లోపల కూసున్నోడు చెప్పినట్టు బయటోడు చెప్పలేడు. సర్పంచ్ ఎలక్షన్ల తిరిగే పిలగాండ్లు ఆ పుస్తకం సదవాలె. మన ఊరి ముచ్చటే ఢిల్లీ సైజుల కనవడ్తది.

గని ఆ నవల 1973 కాడనే ఆగిపోతది. ప్రధాని అయిన కాలం అందుల లేదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిన నాడు కుర్చీల ఉన్నది ఆయననే. దాని మీద రాసిన పుస్తకం 2004 డిసెంబర్‌ల ఆయన పోయినంక, 2006ల బయటికి వచ్చింది. అది కథ కాదు, సంజాయిషీ. ఆయన కథల్ని మెచ్చుకున్నంత మాత్రాన ఈ ప్రశ్న అడుగుడు మానొద్దు.

ఇంకో ముచ్చట. పీవీ 1957 సంది 1977 దాక మంథని ఎమ్మెల్యే. ఆ మంథని దిక్కు గాజులపల్లి నుంచే అల్లం రాజయ్య వచ్చిండు. "కొలిమంటుకున్నది", "ఊరు" నవలలు రాసిండు. 1978ల సిరిసిల్ల, జగిత్యాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించిన రోజుల ఊళ్లు అవి. ఆ పుస్తకాలల్ల పాలేర్లు, కూలోళ్లు వాళ్ల ముచ్చట వాళ్లే చెప్పుకుంటరు. ఎమ్మెల్యే రాసిన కథ, ఆ దిక్కు రైతు ఇంటి బిడ్డ రాసిన కథ పక్క పక్కన పెట్టుకొని సదివితే మన కరీంనగర్ బతుకు నిండుగ కనవడ్తది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, నేను అడిగేది చిన్నదే. పీవీ అరవై దాటినంక కంప్యూటర్ నేర్చుకున్నడు. మీకు ఇరవైల చేతుల ఫోన్ ఉన్నది. "గొల్ల రామవ్వ" సదవండ్రి. సదివి మీ ఇంట్ల ముసలోళ్లకు వినిపియ్యండ్రి. వాళ్లేమంటరో రికార్డ్ చెయ్యండ్రి. మన యాస కథల పనికిరాదని ఎవలన్న అంటే, 1949లనే పనికొచ్చిందని చెప్పండ్రి. రామవ్వ కథ వంగర దొరింటి పిలగాడు రాసిండు. మల్లమ్మ కథ ఇంకెవలు రాయలే. అది రాయాల్సింది ఏ చెల్లెనో నాకు తెల్వదు, గని ఆమె గిక్కడనే హుజూరాబాద్ బస్సుల నిలబడి కాలేజీకి పోతుండొచ్చు.

వచ్చే జూన్ 28కి దండ ఏసుడు ఏస్తరు, ఫోటోలు దిగుడు దిగుతరు. నేను మా అవ్వను తోల్కొని పోత. దండ అయిపోయినంక కథ సదువుదం. అయిపోయినంక అవ్వ మళ్ల గదే అడుగుతది. ఈ సారి జవాబు మీరు చెప్పాలె.