ఆయాసం తగ్గినా మందు ఆపరాదు
ఉబ్బస రోగులు ఇన్‌హేలర్ వాడకంలో పాటించాల్సిన జాగ్రత్తలు

ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ పీల్చడం, తగ్గగానే పక్కన పెట్టడం చాలామంది ఉబ్బస రోగులకు అలవాటు. ఆయాసం తగ్గినా శ్వాసనాళాల్లోని వాపు మిగిలే ఉంటుంది. చలిగాలి, దుమ్ము, దీపావళి పొగ తగిలితే మళ్లీ తిరగబెట్టి ప్రాణాల మీదకు రావచ్చు.

రెండు మందులు.. రెండు పనులు
సాల్బుటమాల్ బిగుసుకున్న నాళాలను నిమిషాల్లో సడలిస్తుంది కానీ వాపును తగ్గించదు. ఆ పని బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లది. వీటి ఫలితం పూర్తిగా కనిపించేందుకు వారాలు పడుతుంది. వెంటనే గుణం లేదని మానేయడం ఇక్కడే జరుగుతోంది. పెద్దలు సాల్బుటమాల్ ఒక్కదానిపైనే ఆధారపడరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లోనే స్పష్టం చేశాయి.

అలవాటు పడతామన్నది అపోహే
ఇన్‌హేలర్ వ్యసనంగా మారదు. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు మాత్రమే. మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదం తీసుకునేవారు సైతం ఇన్‌హేలర్ మానరాదు.

పీల్చే తీరు ముఖ్యం
స్ప్రే ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చాలి. పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పిల్లలకు, వృద్ధులకు స్పేసర్ మేలు. పొడి మందు అయితే వేగంగా, గట్టిగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మింగరాదు. స్టెరాయిడ్ మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత రాదు.

మరవకుండా ఉండాలంటే
ఇన్‌హేలర్‌ను పళ్లు తోముకునే బ్రష్ దగ్గరే ఉంచితే మందు, పుక్కిలింత రెండూ మరచిపోరు. ఉదయం రెండు, రాత్రి రెండు పఫ్‌లు వాడేవారికి 120 పఫ్‌ల డబ్బా సరిగ్గా 30 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీని దానిపై రాసుకోవాలి. నెల దాటినా మిగిలిందంటే మోతాదులు తప్పాయన్నమాటే. ఖర్చు భారమైతే మానేయక, చవకగా దొరికే జనరిక్ మందు రాయమని వైద్యుడిని అడగాలి.

ఎప్పుడు ప్రమాదం?
వారంలో రెండుసార్లకు మించి ఉపశమన మందు అవసరమైనా, రాత్రివేళ ఆయాసంతో మెలకువ వస్తున్నా వైద్యుడిని కలవాలి. మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలిరంగుకు మారినా ఉపశమన మందు పీలుస్తూనే 108కు ఫోన్ చేయాలి.