ప్రభుత్వముల నిలుకడ, ద్రవ్యముల నిలుకడ

ఫలానా దేశమున మంత్రివర్గము పడిపోయినదని వార్తలలో విన్నప్పుడు, ఆ దేశమే కూలిపోవుచున్నదని శ్రోతలు భయపడుట సహజము. రాజకీయ స్థిరత్వమున్నచోట ఆర్థిక స్థిరత్వము తప్పక ఉండునని మనకొక నమ్మకము. అది ఎంతవరకు నిజమో, రెండు పెద్ద రాజ్యముల అనుభవమును ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

ఫ్రాన్సులో నాల్గవ రిపబ్లిక్ 1946 నుండి 1958 వరకు సాగినది. ఆ పన్నెండేండ్లలో ఇరువదికి మించి మంత్రివర్గములు మారినవి. శాసనసభలో పార్టీలు అనేకము. ఏ ఒక్కదానికిని సొంత బలము చాలదు. అదే కాలమున బ్రిటనును పాలించిన ప్రధానులు నలుగురే: అట్లీ, చర్చిల్, ఈడెన్, మాక్మిలన్.

అయినను, ఆర్థికాభివృద్ధిలో ముందు నడచినది ఫ్రాన్సే. మంత్రులు మారినను ఉన్నతోద్యోగులు మారలేదు. 1946లో జాఁ మొనే నాయకత్వమున వెలసిన ప్రణాళికా సంస్థ బొగ్గు, విద్యుత్తు, ఉక్కు, రవాణాల వైపు పెట్టుబడులను మరల్చినది. నిలుకడ గల ప్రభుత్వమున్న బ్రిటనులోనో, డాలర్ల కొరత తీరలేదు. 1949 సెప్టెంబరులో పౌను విలువను 4.03 డాలర్ల నుండి 2.80కి తగ్గించిరి. మన రూపాయి విలువయు నాడు దానితోబాటే తగ్గినది. 1967లో పౌను మరల 2.40కి దిగినది.

అట్లని మంత్రివర్గముల అస్థిరత్వము హానిలేనిదని మేము చెప్పుట లేదు. ఫ్రాన్సులో ధరలు పెరిగినవి, ఫ్రాంకు విలువ క్షీణించినది. 1954లో మొదలైన అల్జీరియా యుద్ధము విషయమున ఏ మంత్రివర్గమును కఠిన నిర్ణయము చేయజాలకపోయెను. తుదకు 1958లో ఆ రాజ్యాంగమే కూలినది. డీగాల్ అధికారమునకు వచ్చి, అధ్యక్షునికి బలమొసగు కొత్త రాజ్యాంగమును ప్రజామోదముతో నెలకొల్పెను. నూరు పాత ఫ్రాంకులకు ఒకటిగా కొత్త ఫ్రాంకు 1960 జనవరి 1న చెలామణిలోనికి వచ్చినది.

మరియొక ఉదాహరణము: సోవియట్ యూనియనులో బ్రెజ్నెవ్ 1964 నుండి 1982 వరకు నాయకుడుగా నుండెను. పైకి అంతకన్న నిలుకడ యేమున్నది? కాని ఆ నిశ్శబ్దము క్రింద ఆర్థిక వ్యవస్థ మందగించినది; 1991 డిసెంబరులో ఆ రాజ్యమే విచ్ఛిన్నమైనది.

కావున మంత్రివర్గము పడినదని విన్నప్పుడు మనము అడుగవలసినవి వేరు. కార్యాలయములు యథావిధిగా నడచుచున్నవా? ద్రవ్యముపై ప్రజలకు నమ్మకమున్నదా? కొత్త ప్రభుత్వము రాజ్యాంగము చూపిన దారిననే వచ్చుచున్నదా? వీనికి ఔనని జవాబు వచ్చినచో, ఒక మంత్రివర్గము పోయినంతమాత్రమున ఆ దేశమునకు భయము లేదు.